తబలా కింద దాగిన మాట

ధారవాడలో నాకు పెద్ద పేరు. ఆ పేరంతా ఒక్క క్యాసెట్టు చలవే. మా గురువు చన్నమల్లప్ప మాస్తర్ చివరి కచేరీ అది. పై షడ్జం దగ్గర ఆయన గొంతు పట్టేస్తే, వెనక తంబూరాలు మీటుతున్న ఇద్దరు శిష్యురాళ్లలో ఒకరు అందుకుని, ఆ స్వరాన్ని జారనివ్వకుండా నిలబెట్టారు.

అందుకున్నది నీలవ్వ. నేను కాదు.

కచేరీ అయ్యాక రికార్డింగాయన వచ్చి, "ఆ గొంతెవరిదమ్మా?" అన్నాడు. నీలవ్వ మాస్తర్‌కు వేణ్ణీళ్లు తేవడానికి వెళ్లింది. "నాదే" అన్నాను. వారం తిరక్కుండా మాస్తర్ పోయారు. నెలకు నా పేరుతో క్యాసెట్టు వచ్చింది.

"పాడింది నేను గదే, నీ పేరేంటే?" అని నీలవ్వ అడిగింది.

"మాస్తరే వేయమన్నారు. నీ గొంతు ఆయనకు నచ్చలేదట" అన్నాను. ఎంత పాపిష్టి నోరు నాది!

ఆ రోజుతో ఆమె పాట మానేసింది. ఖానావళి అని చిన్న భోజన హోటలు పెట్టుకుని ముప్పై ఏళ్లుగా జొన్నరొట్టెలు చేస్తోంది. సిగ్గు లేకుండా నేనూ అక్కడే తింటున్నాను.

మొన్న మాస్తర్ మనవరాలు శాంభవి మా ఇద్దరినీ పిలిచింది. పాత రికార్డింగులో కలిసిపోయిన గొంతులను కంప్యూటర్ ఇప్పుడు దేనికది విడదీస్తుందట. దారిలోనే నిజం చెప్పేయాలనుకున్నాను.

"ఏమే అంబా, అట్లా చెమటలు పడుతున్నాయి? నీ పేరున్న పాట వినడానికి నీకే భయమా?" అని నీలవ్వ నవ్వింది. "ఎండ గదే" అని కొంగుతో మొహం తుడుచుకున్నాను.

శాంభవి తబలాను తీసేసింది, తర్వాత తంబూరాలను. రెండు ఆడగొంతులు మిగిలాయి. ఒకటి బెదిరి మధ్యలోనే ఆగిపోయింది. రెండోది పైకి వెళ్లి నిలిచింది.

"అవ్వా, ఇక్కడ తాత ఏదో అంటున్నారు. తబలా మోతలో ఇన్నాళ్లూ తెలియలేదు" అంటూ శబ్దం పెంచింది.

దగ్గు. ఆ వెంటనే మాస్తర్ మాట: "శభాష్ నీలా! ఇక నువ్వే పాడాలి."

శాంభవి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"ఇంకోసారి పెట్టు తల్లీ" అంది నీలవ్వ. మూడుసార్లు వింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను పాట ధ్యాసలో ఉన్నానే. నువ్వు పక్కనే ఉన్నావు గదా. ఈ మాట నీకు వినపడలేదా?"

లేదంటే సరిపోయేది. నా చెవిన పడిందో లేదో ఏ కంప్యూటరూ చెప్పగలిగేది కాదు.

"వినపడిందే" అన్నాను.