పాలేరు అనే కంప్యూటర్

ముందు హరిచరణ్ గారి గొప్ప చెప్పుకోవాలి. నందిగామలో కూర్చుని లారీల కాటాలకు ఉచితంగా ఒక సాఫ్ట్‌వేర్ రాశాడు. ఎవరైనా వాడుకోవచ్చు, తమ కాపీలో దిద్దుకోవచ్చు. అసలు దాంట్లో మార్పు చేరాలంటే మాత్రం ఆయన సరే అనాలి. ఆఫీసు కంప్యూటర్‌కి ‘దొర’ అని, అది చెప్పినట్టల్లా వినే గేటు కంప్యూటర్‌కి ‘పాలేరు’ అని పేర్లు పెట్టాడు. ఏం బుర్రండీ!

చిల్లకల్లు కాటా గేటు దగ్గర కూర్చునేది మా నాన్న బసవయ్య. ఒకప్పుడు హరిచరణ్ తాతగారింట్లో పదేళ్లు పాలేరుతనం చేశాడు. ప్రతి స్లిప్పు మీదా ‘తూచినది: పాలేరు’ అని పడేది. “పాలేరూ, తొందరగా కానీ” అని డ్రైవర్లు నవ్వేవాళ్లు. నాన్న స్లిప్పు చించి చేతికిచ్చేవాడు. నాకు ఒళ్లు మండేది.

నేనూ ప్రోగ్రాములు రాసేదాన్నే. నా కాపీలో నాలుగు వందల చోట్ల ఆ పేర్లు మార్చి హరిచరణ్‌కి పంపాను. ఆయన ఫోన్ చేశాడు.

“పేర్లు మారిస్తే పాత కాటాలు ఆగిపోతాయి క్రిస్టీ.”

“పదకొండు కాటాల మీద నడిపి చూశానండి. ఒక్కటీ ఆగలా.”

“అయినా పాలేరంటే తప్పేముందమ్మా? మన సంస్కృతి.”

ఆ సంస్కృతిలో పేడ ఎత్తింది ఆయన కాదుగా.

ఆర్నెల్లకు బెంగళూరు కంపెనీ ఒకటి ఆ పేర్లుంటే వాడం పొమ్మంది. తెల్లారేసరికి మావాడు సంఘసంస్కర్త అయిపోయాడు. నా మార్పులు తీసుకుని, నందిగామలో సభ పెట్టి, నాన్నకు శాలువా కప్పాడు. తర్వాత మైకు అందుకుని, “ఈయన ఎవరనుకున్నారు? మా పాలేరు బసవయ్య!” అన్నాడు. చప్పట్లు మోగాయి. నాన్న తల దించుకున్నాడు.

ఆ శాలువాతో ఇప్పుడు కాటా ప్రింటర్ తుడుస్తున్నాం. చిల్లకల్లులో నడిచేది కూడా ఆయన సాఫ్ట్‌వేర్ కాదు. దాన్ని కాపీ చేసుకుని, స్లిప్పు మీద పడేలా ఒక్క వరస నేనే కలిపాను. కాటా ఓనర్‌కి నచ్చింది.

మొన్న హరిచరణ్ తన పొలం పత్తి లోడుతో వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. స్లిప్పు చదివి మొహం చిట్లించాడు. ‘తూచినవారు: బసవయ్య గారు’ అని ఉంది.

“ఏంటి బసవయ్యా, ‘గారు’ కూడానా?”

“మా అమ్మాయి పెట్టిందండి. దాని కింద మీరు సంతకం చేస్తే గేటెత్తుతా.”

వెనక ఆరు లారీలు హారన్లు కొడుతున్నాయి. హరిచరణ్ జేబులు తడుముకున్నాడు. నాన్న తన పెన్ను ఇచ్చాడు.