గొట్టంలో సముద్రం

నేను ఒక రాగి గుండును. ఫిరంగిలో పెట్టేది అనుకునేరు. లోపలంతా బోలు, నెత్తిన ఒక కొక్కెం, అంతే. నన్ను చేసిన కంచరి అదే రేకుతో నాకంటే ముందు నీళ్ల బిందెలు చేశాడు. అవి దర్జాగా పెళ్లిళ్లకు సారెలో వెళ్లాయి. నన్ను హార్బర్ ఆఫీసువాళ్లు కొన్నారు. సముద్రంలో ఉద్యోగమని మురిసిపోయాను. తీరా చూస్తే జెట్టీ పక్కన నిలబెట్టిన ఇనుప గొట్టంలో దించి, పైన మూత బిగించారు.

అప్పటినుంచి నా లోకం ఆ గొట్టమే. అడుగున వేలు దూరేంత కన్నం ఒకటి ఉంది. పోటు వస్తే అందులోంచి నీళ్లు నెమ్మదిగా చేరి నన్ను లేపుతాయి, పాటుకు వెనక్కి తీసి దించుతాయి. నా కొక్కేనికి కట్టిన తీగ పై గదిలో ఒక ముల్లును తిప్పుతుంది. కన్నం అంత చిన్నది కాబట్టి కెరటం మాత్రం లోపలికి రాలేదు. అది తగిలితే నేను ఎగిరెగిరిపడి ముల్లును తికమక పెడతానట. సముద్రం సంగతి చెప్పమని కూర్చోబెట్టి, ఆ సముద్రాన్నే నాకు తగలనివ్వకపోవడం మనుషులకే తట్టాలి. బయట హోరు వినిపిస్తుంటే లోపల నాకు ఊపిరాడేది కాదు.

ముల్లు చూసే పని దానయ్యది. పక్కనున్న జాలరిపల్లెలో పుట్టి, వేట మాని ఈ పనిలో చేరినవాడు. గాలి పెరిగితే చాలు, పల్లెవాళ్లు ఫోన్ చేసి నీళ్లు ఎక్కాయా అని అతన్ని అడిగేవాళ్లు. అతను నా మాటే చెప్పేవాడు. నేనేదో ఊరి పెద్దనైనట్టు లోలోపల పొంగిపోయేదాన్ని.

ఒకసారి ఆకాశం నిర్మలంగా ఉంది గానీ, కొన్నాళ్లుగా సముద్రం మీంచి ఒకటే గాలి. దానయ్య అక్క పోలమ్మ ఫోన్ చేసింది. ఆమెది ఒడ్డున చిట్టచివరి ఇల్లు.

"తమ్ముడా, కెరటం వొడ్డుని నాకేస్తన్నాది. సామాన్లు ఎత్తీమంతావా?"

దానయ్య ముల్లు చూశాడు. "నేదప్పా, నీలు మావూలుగానే ఉన్నాయి. ఉండిపో."

ఆ మధ్యాహ్నమే సముద్రం ఆమె ఇంట్లోకి వచ్చింది. వంటగది గోడ కూలి ఆమె కుడిచేతి మీద పడింది. చేపలగంప ఎత్తే చెయ్యి అది.

నేను ఇరుక్కుపోయానేమోనని ఒక ఇంజనీరమ్మ వచ్చి నన్ను పైకి లాగింది. చేతికి కట్టుతో పోలమ్మ, తలొంచుకుని దానయ్య పక్కనే నిలబడ్డారు.

"దీని తప్పేం లేదు. హార్బర్ గోడ కెరటాలను ఆపేస్తుంది, అందుకే ఇక్కడ నీళ్లు నిజంగానే పెరగలేదు," అంది ఇంజనీరమ్మ. "మీ ఒడ్డుకి అడ్డమేదీ లేదు కదా. గాలి తోసుకొచ్చిన కెరటం విరిగి నీళ్లను ఒడ్డుమీదికి నెడుతుంది. అవి వెనక్కి పోయేలోపే ఇంకో కెరటం వస్తుంది. అలా నీళ్లు అక్కడే పేరుకుపోయి మట్టం పెరుగుతుంది. మూరెడు పెరిగినా ఇక్కడి ముల్లుకు తెలీదమ్మా."

"అయితే దీన్ని మా వొడ్డునే ఎట్టండి తల్లీ," అంది పోలమ్మ.

"కెరటాలకు ఒక్కరోజు కూడా ఆగదు."

ముక్కలైనా ఫరవాలేదు, పెట్టండని అరవాలనిపించింది. ఎండలో, ఇంజనీరమ్మ చేతిలో వేలాడుతూ, నేను మొదటిసారి కెరటాన్ని చూస్తున్నాను. శుభ్రంగా తుడిచి మళ్లీ గొట్టంలోకే దించారు. మూత పడ్డ చప్పుడుకి ఏడుపొచ్చింది.

పోలమ్మ అదే చోట మళ్లీ గోడలు లేపుకుంది. వేరే చోటెక్కడుంది ఆమెకి? కొన్ని నెలలకు ఆ గాలే మళ్లీ పట్టుకుంది. నేను పైకి లేవాలని ఎంత గింజుకున్నానో నాకే తెలుసు. కానీ నన్ను లేపాల్సింది నీళ్లు, అవి నా చుట్టూ కదలకుండా పడి ఉన్నాయి. ఫోన్ మోగింది.

"నీలెలాగున్నాయిరా?"

దానయ్య ముల్లు వైపు తిరిగాడు. వద్దు, నన్ను చూడొద్దు అనుకున్నాను.

"మావూలుగానే ఉన్నాయప్పా," అన్నాడు. "నువ్వు ఇల్లు ఒగ్గీసి బయల్దేరిపో. నానొస్తన్నాను."

పరుగెత్తే అడుగుల చప్పుడు జెట్టీ మీదుగా దూరమైంది. చేతులుంటే అతనికి దణ్ణం పెట్టేదాన్ని. సాయంత్రానికి ఆ కొత్త గోడలు కూడా కూలిపోయాయని పైన ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఇంట్లో ఎవరూ లేరట.