తలుపు తీసి బయటికి రా

ఆటల్లో తిట్టుకునేవాళ్ల మధ్య తీర్పు చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని చాలామంది నవ్వుతారు. ఉద్యోగమే. విన్నిపెగ్‌లో ఒక ఆటల కంపెనీలో ఒక్సానా చేసేది అదే. ఆన్‌లైన్ ఆటలో ఎవరైనా హద్దు మీరితే తోటివాళ్లు ఫిర్యాదు పెడతారు. ఆమె చదివి, తప్పుందనిపిస్తే ఆ మనిషిని ఆటనుంచి వెలివేస్తుంది.

ఫిర్యాదు తెరిస్తే, తప్పని గుర్తుపెట్టిన మాటలే కనిపిస్తాయి. మొత్తం సంభాషణ కావాలంటే ఇంకో మీట నొక్కాలి. నొక్కితే ఆలస్యం, ఆలస్యమైతే పైవాళ్ల సణుగుడు. అందుకని ఆ మీట జోలికి పోవడం అందరూ ఎప్పుడో మానేశారు.

ఆ జనవరి మధ్యాహ్నం ఒకే పేరు మీద ఫిర్యాదులు కుప్పగా వచ్చాయి. ఆటలో అతని పేరు ముసలి ఎలుగు. ఒక చిన్నపిల్లతో అతను అన్న మాటలు ఇవి: "ఇంట్లో పెద్దవాళ్లు మేలుకుని ఉన్నారా?" "మీ ఇల్లెక్కడో చెప్పు." "ఎవరినీ అడగక్కర్లేదు. తలుపు తీసి బయటికి రా."

ఒక్సానాకు తొమ్మిదేళ్ల కూతురుంది. ఒళ్లు మండిపోయింది.

"చచ్చినాడు! ఇలాంటివాళ్లను వీధిలో నిలబెట్టి తన్నాలి," అంటూ మళ్లీ ఆటలో అడుగు పెట్టకుండా వెలివేసింది. మీరైనా, నేనైనా ఆ కుర్చీలో ఉంటే అదే చేసి ఉండేవాళ్లం.

పక్క బల్ల డెస్మండ్‌ది. వెలిపడినవాళ్లు పెట్టుకునే మొరలు చదవడం అతని పని. మొర దాని వంతు వచ్చేసరికి రోజులు పడుతుంది. అయితే కాఫీ తాగేటప్పుడు కొత్తగా వచ్చినవాటిలోంచి వింత సాకులు ఏరి పైకి చదవడం అతనికి అలవాటు, విని నవ్వడం మిగతావాళ్లకు అలవాటు.

"ఇది వినండ్రా! పిల్లి కీబోర్డు మీద నడిచిందన్నవాడు దీని ముందు దిగదుడుపే. ఎవడో ముసలి ఎలుగట. ఆ పిల్ల ఇంట్లో చలికి వెలిగించిన గ్యాసు హీటరు పాడై విషగాలి నిండిందట, అందుకని బయటికి రమ్మన్నాడట!"

గది గొల్లుమంది. ఒక్సానా నవ్వలేదు.

"సిగ్గు లేకపోతే సరి. ఇంకా ఏం కూశాడు?"

"పోలీసులకు ఫోన్ చేశాడట. అడ్రసు లేకుండా ఎక్కడికి పొమ్మంటావన్నారట. మన కంపెనీకి ఫోన్ చేద్దామంటే నంబరే లేదట."

"ఉండు, వీడి అబద్ధం ఇప్పుడే బయటపెడతా," అని ఒక్సానా ఎవరూ నొక్కని ఆ మీట నొక్కింది.

ఆటలో మిగతావాళ్లు చేరకముందు పిల్లా అతనూ ఇద్దరే ఉన్నారు. అప్పుడు పిల్ల రాసింది: "తల నొప్పిగా ఉంది. అమ్మమ్మను లేపితే లేవట్లేదు. హీటరు పొద్దున్నుంచి గరగరమంటోంది." అతన్ని వెలివేశాక రాసింది: "ఎలుగు తాతా, ఎక్కడికెళ్లావు? నిద్రొస్తోంది."

ఒక్సానా కుర్చీ తోసేసి లేచింది.

"గ్వెన్! గ్వెన్, తొందరగా రా!"

పై అధికారి గ్వెన్ పరుగున వచ్చింది. తెర చూసి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పిల్ల తల్లి ఖాతాలో ఇచ్చిన అడ్రసు తీసి అత్యవసర నంబరుకు ఫోన్ చేసింది. "వాళ్లు బయల్దేరారు. దార్లన్నీ మంచే. ఈలోగా పిల్లని బయటికి రప్పించు, ఒక్సానా!"

ఒక్సానా ఆటలోనే పిల్లకు రాసింది: "తలుపు తీసి బయటికి రా." ఏ మాటకు ఒక మనిషిని వెలివేసిందో అదే మాట.

జవాబు ఆగి ఆగి వచ్చింది. "మీరెవరు? తెలియనివాళ్లు చెబితే వినొద్దంది అమ్మ. ఎలుగు తాత ఏడి?"

"నేను వేసిన వెలి నేను తీయకూడదు," అంది ఒక్సానా ఏడుస్తూ. "నువ్వే తియ్యి, గ్వెన్!"

గ్వెన్ తీసేసి, ఆంబులెన్సు బయల్దేరిందని అతనికి రాసింది. అవతల ఆ ముసలాయన తెర ముందునుంచి కదల్లేదేమో, వెంటనే మాట వచ్చింది.

"వచ్చేశాను తల్లీ. కోటు తొడుక్కో. తలుపు తియ్యి. మెట్ల మీద కూర్చో. అమ్మమ్మ కోసం బండి వస్తోంది."

తర్వాత పిల్లనుంచి మాట లేదు. కాఫీ చల్లారిపోయింది. వెళ్లిందో, పడిపోయిందో చెప్పే దారి లేదు. తను చేసిన ఆలస్యమే పిల్ల ప్రాణం తీస్తుందని ఒక్సానా నోరు నొక్కుకుంది.

గ్వెన్ ఫోన్ మోగింది. విని, కుర్చీలో కూలబడింది.

"పిల్ల మెట్ల మీద ఉంది. తలుపు బార్లా తెరిచి కూర్చుందట. అమ్మమ్మకు ఊపిరి ఆడుతోంది. ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్లారు."

డెస్మండ్ తల వంచుకున్నాడు. అతని ఎగతాళే ఆ ఇంటిని కాపాడింది. ఆ రోజు అతను ఇంకో మొర ఏరుకుని ఉంటే ఏమయ్యేది? రెండు ప్రాణాలు అలాంటి అదృష్టం మీద వేలాడటం ఏ కంపెనీకైనా సిగ్గుచేటు.

సాయంత్రం ఒక్సానా ముసలాయనకు ఫోన్ చేసింది. ఆయన పేరు ఎర్ల్. థండర్ బే అనే ఊళ్లో స్కూలు బస్సు నడిపేవాడు. సొంత తమ్ముణ్ణి అలాంటి హీటరుకే పోగొట్టుకున్నవాడు.

"మిమ్మల్ని ఎంత నీచంగా అనుకున్నానో చెప్పడానికి నోరు రావట్లేదు. క్షమించండి."

"అనుకోవడం తప్పు కాదమ్మా," అన్నాడు ఎర్ల్. "పిల్లని అలా అడిగేవాణ్ణి అనుమానించాల్సిందే. ఫిర్యాదు చేసినవాళ్లూ మంచివాళ్లే. కానీ ఇంతమంది నా మాటలు చదివారు, ఆ పిల్ల ఏమంటోందో ఒక్కరూ చదవలేదు. పిల్లల్ని కాపాడాలనుకునేవాళ్లు ముందు పిల్లల మాట వినాలి తల్లీ."