పులిహోర కలిపే వేళ

"మాణిక్యం, ఆరొందల మందికి" అని ముందుగదిలోంచి వినపడేసరికి ఆమె వంటింట్లో అల్లం పెచ్చు తీస్తోంది. తీస్తూనే, కర్టెన్ వైపు చూడకుండానే, బియ్యం ఎనభై కేజీలు, కందిపప్పు పాతిక, గారెలకి మినప్పప్పు ముప్పై, పెరుగు డెబ్బై లీటర్లు అని అప్పజెప్పేసింది. వచ్చేవాళ్లు టౌను వాళ్లా, పల్లెటూరి వాళ్లా అని మాత్రం ఒక్క ప్రశ్న వేసింది. మైలవరం వైపు రైతులన్నారు. అయితే స్వీటు ఒకటి తగ్గించి బియ్యం పది కేజీలు పెంచమంది. కర్టెన్‌కి అవతల మెచ్చుకోలుగా నవ్వులు వినిపించాయి. మా ఇంటి కాలిక్యులేటరండీ, బ్యాటరీ కూడా అక్కర్లేదు అని ఆమె భర్త రామకోటేశ్వరరావు ఎప్పుడూ చెప్పే ముక్కే మళ్లీ చెప్పాడు.

గవర్నర్‌పేటలో ఆ ముందుగదికి పెళ్లి వంటలు మాట్లాడుకోవడానికి ఇరవై మూడేళ్లుగా ఎంతమంది వచ్చారో లెక్కలేదు. అందరూ మాణిక్యం గొంతు విన్నవాళ్లే. మొహం చూసినవాళ్లు మాత్రం అరుదు. బోర్డు మీద భర్త బొమ్మ, విజిటింగ్ కార్డు మీద భర్త పేరు. పేరుకి ఆమె మాణిక్యం, ఉండేది మసిలో. రామకోటేశ్వరరావుకి గరిటె పట్టుకోవడం రాదు, మాట పట్టుకోవడం వచ్చు. పెళ్లిలో సంబరం తగ్గితే ఫరవాలేదు, సాంబారు తగ్గకూడదు అంటాడు. బఫే పెట్టమన్నవాళ్లని, బఫూన్లలా నిలబడి తింటారా అని అడుగుతాడు. పార్టీలు పడీపడీ నవ్వుతాయి. ఆ నవ్వు చల్లారేలోగా ఆర్డరు ఖాయమైపోతుంది. ఆ తర్వాత పని మొదలయ్యేది లోపల. పొయ్యి దగ్గర నవ్వించే మాటలేవీ ఉడకవు.

ఈ జిల్లాలో గారెకి ఉన్న మర్యాద మాణిక్యానికి లేదు. గారెకి పేరులోనే 'గారు' ఉంది. పెళ్లికి వచ్చినవాళ్లు పెళ్లీ చూస్తారు, విస్తరీ చూస్తారు. ఆమె చూసేది మండపం వెనక రేకుల షెడ్డు, అందులో పది గాడిపొయ్యిలు. మంగళవాద్యాలు ఒక్కసారిగా జోరందుకుంటే అక్కడ తాళి కడుతున్నారని అర్థం. ఆ జోరు వినగానే అన్నం పళ్లేల్లో ఆరబోసి, చింతపండు గుజ్జు పోసి, పులిహోర కలపాలి. ముందు కలిపితే ఎండిపోతుంది, వెనక కలిపితే పులుపు పట్టదు. అక్షింతలు వేసి జనం లేచి వచ్చేసరికి విస్తట్లో ఉండాలి. ఇరవై మూడేళ్లుగా ఊళ్లో ఎవరి మెళ్లో తాళి పడుతున్నా, మాణిక్యం మోచేతుల దాకా పసుపు అన్నంలోనే ఉంది.

ఇప్పుడు మాఘమాసంలో తన కూతురు సాయిశ్రీ పెళ్లి. మచిలీపట్నం సంబంధం. ముహూర్తం పొద్దున్న పది గంటల పన్నెండు నిమిషాలకి.

పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ మాణిక్యం ఆ ఒక్క ముహూర్తం కోసమే బతికిందంటే ఎవరైనా నవ్వుతారు. పట్టుచీర కట్టుకుని, పీటల మీద భర్త పక్కన కూర్చుని, చెంబుతో నీళ్లు పోస్తూ అల్లుడి కాళ్లు కడగడం, పిల్ల చెయ్యి అతని చేతిలో పెట్టడం, జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పిల్ల మొహంలో ఏం కనిపిస్తుందో దగ్గర్నుంచి చూడటం. ఇంతే. పెద్ద కోరికేం కాదు. లోకంలో పెళ్లికూతుళ్ల తల్లులందరికీ అడక్కుండా దొరికేదే.

అది తనకి దొరకదని ఆమెకి మంగళవారం పొద్దున్న తెలిసింది, అది కూడా భర్త పెళ్లి మెనూ రాస్తుంటే. పూర్ణాలా, బొబ్బట్లా అని అడిగింది. రెండూ పెడదామన్నాడు. కందాబచ్చలి కూర మచిలీపట్నం వాళ్లకి ఇష్టమట, పెట్టాల్సిందేనన్నాడు. పదిహేను వందల మంది. పాత పార్టీలందరూ, కల్యాణమండపాల ఓనర్లందరూ వస్తారు, ఈ ఒక్క భోజనంతో వచ్చే పదేళ్ల పేరు నిలబడాలన్నాడు. అన్నీ రాశాక, పెన్ను మూతపెడుతూ, ఉప్పు చూడమని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. పీటల మీద అన్నయ్యా వదినా కూర్చుంటారు. పంతులుగారితో మాట్లాడేశాను.

మాణిక్యానికి వెంటనే అర్థం కాలేదు. ఎవరి పీటల మీద అంది.

"మనం కూర్చుంటే ముందు వచ్చినవాళ్లని పలకరించేదెవరు, వెనక పులిహోర కలిపేదెవరు? కన్యాదానం అన్నయ్య చేస్తాడు, అన్నదానం మనం చేద్దాం" అన్నాడు, మాట కుదిరినందుకు తనే ముచ్చటపడుతూ.

కుదిరింది కూడా. ఆ మాట ఆ సాయంత్రానికే నలుగురికి చెప్పాడు, నలుగురూ నవ్వారు. తోటికోడలు ఫోన్ చేసి, మాణిక్యం, నువ్వేం దిగులుపడకు, పీటల మీదకి కొత్త పట్టుచీర నేనే కొనుక్కుంటాలే అంది. పెద్దమనసుతోనే అంది. బావగారు లైన్లోకి వచ్చి, నీ చేతి పులిహోర లేకపోతే అది పెళ్లెలా అవుతుందమ్మా అన్నారు. అందరూ పొగుడుతూనే ఉన్నారు. ఎంత పొగిడితే అంత వెనక్కి జరుగుతోంది తను, పొయ్యి వైపుకి. తిడితే తిరగబడొచ్చు, పొగిడితే ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు.

సాయిశ్రీ ఓణీల ఫంక్షను ఆల్బం తీసి చూసింది. నూట నలభై ఫోటోలు. బోర్లించిన ఇత్తడి బిందె ఉంది, మేనమామలు ఉన్నారు, పక్కింటి వాళ్ల కుక్కపిల్ల కూడా ఒక మూల ఉంది. పంక్తి ఫోటోలో మాణిక్యం వేయించిన గారెలు చక్కగా, ఎర్రగా, చిల్లుతో సహా పడ్డాయి. మాణిక్యం పడలేదు. ఆ రోజు పిల్ల ఏ రంగు ఓణీ వేసుకుందో మర్నాడు ఉతికేటప్పుడు చూసింది. అప్పుడు అనుకుంది, పోనీలే, పెళ్లికి చూస్తాను కదా అని.

భర్తతో వాదించడం ఆమెకి రాదని కాదు. ఒకటి రెండు సార్లు అడిగి చూసింది. వంటమాస్టర్లు ఆరుగురున్నారు, ఆ ఒక్క గంటా వాళ్లు చూసుకుంటారు కదండీ అంది. ఆయన కోప్పడలేదు. నీ చేతిలో ఉన్నది వాళ్ల చేతిలో ఉంటే వాళ్లని పెళ్లి చేసుకునేవాణ్ణి అన్నాడు. ఆయన తల్లి కూడా ఆ రోజుల్లో ఇలాగే అనేది. కోడలు అందగత్తె కాదు గానీ అంచనా గత్తె అని. మాణిక్యం ఆ మాటని ఇరవై ఏళ్లు మెచ్చుకోలనే అనుకుంది. అనుకోవడం సుఖం కాబట్టి అనుకుంది.

చివరికి పిల్లని అడిగింది. ఆదివారం తలకి నూనె రాస్తూ, నీ పెళ్లిలో పీటల మీద నేను కూర్చోవాలని ఉందే అంది. సాయిశ్రీ కంప్యూటర్ కోర్సు చదివిన పిల్ల, తండ్రికి ఎదురు చెప్పగలిగిన పిల్ల. అటువంటిది ఆలోచించి, చాలా మెల్లగా చెప్పింది.

"నాకూ ఉందమ్మా. కానీ వాళ్లు మర్యాదల దగ్గర పట్టుబట్టే మనుషులు. విస్తట్లో ఏ కాస్త తేడా వచ్చినా జన్మంతా నన్ను దెప్పుతారు. నువ్వు వెనక ఉన్నావంటే నాకు ధైర్యం."

మాణిక్యం పిల్ల మాడు మీద ఇంకాస్త నూనె పోసి రాసింది. పిల్లది తప్పని ఎలా అంటుంది? కర్టెన్ వెనక గొంతుగానే అమ్మని విని పెరిగిన పిల్ల. అమ్మ వెనక ఉండటమే లోకం సవ్యంగా ఉండటమని నేర్చుకుంది. నేర్పింది తనే. తలుచుకుంటే భర్త మాట కన్నా ఈ మాటే గట్టిగా తగిలింది. చారులో కూడా విచారమే కలిసినట్టు నాలుగు రోజులు ఇంట్లో వంట చప్పగా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు, పైన కాస్త ఉప్పు చల్లుకుని తినేశారు. బాగుందంటేనో బాగాలేదంటేనో మాట్లాడొచ్చు. ఉప్పు చల్లుకుని తినేవాళ్లతో ఏం మాట్లాడాలి?

ఐదో రోజున వంటపాత్రలు తోలే బండి వాళ్లతో మాట్లాడుతూ రామకోటేశ్వరరావు అన్న ఒక మాట ఆమె చెవిన పడింది. ఎవరో కొత్త మాస్టరు ఇంకొకరి ఆర్డరులో చెయ్యి పెట్టాడట. ఈయన వంట కాంట్రాక్టర్ల సంఘానికి ప్రెసిడెంటు. ఆ తప్పుకి వాడికి ఆర్నెల్లు పని ఇవ్వకుండా చేయించాడు. ఊళ్లో వంటల వాళ్ల కట్టుబాటు ఒకటుంది. కాగితాలూ సంతకాలూ ఏవీ ఉండవు. పెళ్లికూతురి తల్లి స్వయంగా వచ్చి వంటమాస్టరుకి తాంబూలం ఇస్తుంది. పుచ్చుకున్నాక ఆ పెళ్లిలో ఇంకో మాస్టరు పొయ్యిలో పుల్ల పెట్టకూడదు. బ్రహ్మదేవుడు చెప్పినా పెట్టకూడదు. ఆ కట్టుబాటు సడలిపోతుంటే సంఘంలో తీర్మానం చేయించి నిలబెట్టింది రామకోటేశ్వరరావే. అదే ఆయన గొప్ప.

అప్పుడు మాణిక్యానికి తట్టింది. ఈ పెళ్లికి తాంబూలం ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు. మనింటి పెళ్లికి మనకి మనమే ఇచ్చుకుంటామా అని ఆయన ఆ సంగతే వదిలేశాడు. అంటే సాయిశ్రీ పెళ్లి పొయ్యి ఇంకా ఖాళీగానే ఉంది. ఇవ్వాల్సిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే.

మర్నాడు ఎండుమిరపకాయలు చూసి వస్తానని చెప్పి బయల్దేరింది. వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లకి వెళ్లడం ఆమెకి మామూలే కాబట్టి ఎవరూ అడగలేదు. సంచిలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు, కుంకుమ పొట్లం. కాలువ వంతెన దాటుతుంటే రిక్షా ఆపించి వెనక్కి వెళ్లిపోదామనుకుంది. భర్త మొహం కళ్లముందు ఆడింది. సంఘం ముందు ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? క్యాటరర్ ఇంటి పెళ్లికి పరాయి వంట అని ఊరంతా చెప్పుకుంటుంది. ఈయన మాటలకి నవ్విన నోళ్లే ఈయన్ని చూసి నవ్వుతాయి. ఆయనంటే జాలి వేసింది. జాలి వేసినప్పుడల్లా తను వెనక్కే వెళ్లిందన్న సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చి, రిక్షా అతన్ని పోనిమ్మంది.

వెంకటసుబ్బారావుగారిది తోపుడుబండ్లు దాటుకుంటూ వెళ్లాల్సిన ఇరుకు సందులో పెంకుటిల్లు. డెబ్బై దగ్గరపడిన మనిషి. ఒకప్పుడు పేరున్న వంటవాడు. ఆయన చారులో చారలే తప్ప రుచి లేదని రామకోటేశ్వరరావు ఊరంతా చెప్పి చెప్పి, ఆయన ఆర్డర్లు సగం లాగేసుకున్నాడు. వాకిట్లో మాణిక్యాన్ని చూసి ఆయన గుర్తుపట్టలేదు. ఎవరమ్మా అన్నాడు. ఆమె మాట్లాడగానే గుర్తుపట్టాడు. ఆ గొంతు తెలియని వంటవాడు ఊళ్లో లేడు.

కుర్చీ వేయించాడు. సంగతంతా విన్నాడు. మీ ఆయన నన్ను నవ్వులపాలు చెయ్యడానికి పంపించాడా తల్లీ అని సూటిగానే అడిగాడు. కాదండీ, ఆయనకి తెలియదు అంది. తెలిస్తే ఊరుకుంటాడా అన్నాడు. ఊరుకోరు అంది. పెళ్లికూతురికైనా తెలుసా అన్నాడు. మాణిక్యం తల అడ్డంగా ఊపింది. ముసలాయన భార్య తలుపు చాటున నిలబడి వింటోంది. ఆవిడే ముందుకు వచ్చి, ఇంకేం అడక్కుండా, పుచ్చుకోండి అని భర్తతో అంది.

మాణిక్యం ఆకులు సర్ది, వక్కలూ పళ్లూ పెట్టి, కుంకుమ అద్ది అందించింది. తాంబూలం చేతులు మారింది. ఇక రామకోటేశ్వరరావు కూతురి పెళ్లిలో రామకోటేశ్వరరావు పొయ్యి వెలగదు. తన పీటని ఆయన ఎవరికిచ్చినా, పొయ్యి దగ్గర పని అన్న వంక మాత్రం ఇక ఉండదు. ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. అరుపులు ఒక రోజు, మౌనం చాలా రోజులు. ఎవరూ ఆమెని మెచ్చుకోరు, పిల్లతో సహా. పీటల మీద కూర్చోనిచ్చినా, పక్కన భర్త మొహం తిప్పుకునే ఉంటాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లోపల దుఃఖం, దాని కింద ఒక గట్టినేల. కాళ్లు ఆనుతున్నాయి, అంతే.

ముసలాయన కళ్లజోడు పెట్టుకుని కాగితం తీశాడు. పదిహేను వందలకి నేను వండి ఎన్నేళ్లయిందో, అంచనా నువ్వే చెప్పమ్మా, నాకంటే నీకే బాగా తెలుసు అన్నాడు. బియ్యం, పప్పు, మినప్పప్పు నాలుక చివరి దాకా వచ్చేశాయి. మాణిక్యం పళ్లు బిగించి వాటిని లోపలే ఆపింది. మీరే వేసుకోండి, ఆడపెళ్లివారికి అవన్నీ ఏం తెలుస్తాయండీ అంది.

ఆయన తన లెక్కలేవో తను రాసుకోవడం మొదలుపెట్టాడు. మినప్పప్పు తక్కువ వేస్తున్నాడు. కనిపిస్తూనే ఉంది. నోరు విప్పలేదు. రాయడం అయ్యాక, కాస్త భయపడుతూ, ఒక్క మాట అడిగాడు.

"పదింటికి పులిహోర కలిపే వేళకి ఒక్కసారి వెనక్కి వచ్చి ఉప్పు చూస్తావుగా తల్లీ?"

మాణిక్యం లేచి నిలబడింది.

"ఉప్పు ఎక్కువైనా తక్కువైనా నేను రానండీ. ఆ వేళకి మా అమ్మాయి పెళ్లి."