పరుపుల ప్రకటన

ఆ రేడియో స్టేషను పుట్టింది సైకిల్ షాపు మీది రెండు గదుల్లో. పెద్ద గది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి స్టూడియో అన్నారు. చిన్న గదిలో క్యాసెట్లు, సీడీలు పేర్చి లైబ్రరీ అన్నారు. కింద ఎవరైనా ట్యూబుకు గాలి కొడితే ఆ బుసబుస పాటలోకి వచ్చేసేది. అయినా ఏం, మందుల కొట్లో, బస్సులో, టైలరు మిషను పక్కన ఎక్కడ చూసినా ఆ స్టేషనే! పాటల మధ్య ఊళ్లోవాళ్ల పేర్లు వినిపించేవి మరి. అదేం వైభోగమో, ఆ రోజులే వేరు.

పొద్దుటి పాటలు వేసే ఆవిడను ఊరంతా అక్కయ్య అనేది. ఇరవై ఆరేళ్లుగా వేస్తోంది. ఇవాళ్టితో సరి. స్టేషనును పెద్ద కంపెనీవాళ్లు కొనేశారు. రేపట్నుంచి ఎక్కడో ఉన్న కంప్యూటరు పాటలు పంపుతుందట. పంపనీ, దానికి ఊళ్లో ఎవరు తెలుసని! చివరి రోజు కదా, స్టేషను చరిత్ర చదవమని కొత్త మేనేజరు టైపు చేసిన కాగితాలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

రెండో పేజీలో ఒక వాక్యాన్ని అక్కయ్య రెండుసార్లు చదువుకుంది. "రైటరు గజిబిజి దస్తూరీ వల్ల దొర్లిన ఒక్క పొరపాటు మన స్టేషనుకు పేరు తెచ్చింది" అని రాసి ఉంది. ఆ కథ ఊళ్లో పిల్లలక్కూడా తెలుసు. అందులో నిజం మాత్రం ఇద్దరికే తెలుసు.

అక్కయ్య ఉద్యోగంలో చేరిన రెండో వారం సంగతి. ప్రకటనలు రాసే రైటరుగారు పరుపుల దుకాణానికి ఓ ప్రకటన రాసిచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. మైకు ముందు కూర్చునే లోపు రెండుసార్లు పైకి చదువుకోవాలన్నది అక్కడి నియమం. అక్కయ్య ఆ వేళ టీ తాగుతూ కబుర్లలో పడి ఒక్కసారీ చదువుకోలేదు. లైటు వెలగ్గానే గబగబా అందుకుంది:

"మీ ఇంటి పరువు మా పూచీ! ఎంతమంది పడి దొర్లినా పదేళ్లు చెక్కుచెదరదు!"

'పు' కాస్తా 'వు' అయి కూర్చుంది. ఊరు ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పరుపులాయన మాత్రం నిప్పులు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు.

"నా కొట్టును ఏం చేశారయ్యా! నేనిప్పుడు తలెక్కడ పెట్టుకోను?"

"ఎవరి నిర్వాకం ఇది?" అని ప్రొప్రయిటరు గర్జించాడు.

అక్కయ్య రైటరుగారి వెనక్కి జరిగింది. ఇంట్లో ఆ జీతం మీదే పొయ్యి వెలుగుతోంది. 'నేనే' అని ఒప్పుకోలేకపోయింది.

రైటరుగారు తలవంచుకుని, "నా రాతే బాగోలేదండీ" అన్నారు.

అంతే, ఆయన చేతిలోని కలం లాగేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. వారం తిరక్కుండా, నవ్వుకుంటూ వచ్చిన జనంతో పరుపుల దుకాణం కిటకిటలాడింది. "అలాగే చదివించండి, రోజూ చదివించండి!" అని పరుపులాయనే బతిమాలాడు. మిగతా కొట్లవాళ్లూ క్యూ కట్టారు. ప్రొప్రయిటరు అక్కయ్యను నెత్తిన పెట్టుకున్నాడు. రైటరుగారికి మాత్రం కలం తిరిగి ఇచ్చిన పాపాన పోలేదు. "మందుల చీటీ మీరు రాయకండి మహాప్రభో, ప్రాణాలు పోతాయ్!" అంటూ ఆయన రిటైరయ్యేదాకా అందరూ ఆట పట్టించారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఆయన చేతిలోంచే రోజూ సీడీలు అందుకుంటూ అక్కయ్య 'రేపు చెబుదాం' అనుకునేది. ఆ రేపు ఇరవై ఆరేళ్లయింది.

ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పడానికి మైకే ఉండదు.

లైటు వెలిగింది. మొదటి పేజీ సాఫీగా చదివింది. రెండో పేజీలో ఆ వాక్యం దగ్గర ఆగింది. అద్దానికి అవతల మేనేజరు 'కానివ్వండి' అన్నట్టు చెయ్యి ఊపాడు. అక్కయ్య కాగితాలు పక్కన పెట్టేసింది.

"ఇందులో రాసింది అబద్ధమండీ. రైటరుగారి దస్తూరీ ముత్యాల కోవ. చదువుకోకుండా మైకు ముందు కూర్చున్నది నేను. తప్పు నాది. ఆయన నా మీద పడాల్సింది తన మీద వేసుకున్నారు. నేను నోరు మూసుకుని పేరు కొట్టేశాను. రైటరుగారూ, మీరు వింటున్నారో లేదో... నన్ను క్షమించండి."

మేనేజరు తల పట్టుకున్నాడు. ఫోను మోగింది. అక్కయ్య లైను కలిపింది.

"నేనేనమ్మా, రైటర్ని."

"విన్నారా?"

"రోజూ వింటూనే ఉన్నాను. పాటల పిచ్చి అనుకుంటుంది మా ఆవిడ. పాటల కోసం కాదమ్మా. ఇవాళైనా ఆ మాట అంటావేమోనని."

అక్కయ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఒక్కసారైనా అడగలేదేమండీ నన్ను?"

"అడిగి చెప్పించుకుంటే ఏం బాగుంటుంది? ఇదిగో, మా ఆవిడ పక్కనే ఉంది. తనూ విన్నది."

ఆయన గొంతులో కోపం లేదు. బరువు దించుకున్న మనిషి గొంతులా ఉంది.

"ఇక రేడియో కట్టేస్తానమ్మా" అన్నారు.

"ఇంకా పది నిమిషాలుంది, రైటరుగారూ. ఆఖరి పాట ఉంది."

"వినాల్సింది విన్నాను తల్లీ. ఆ పాట మిగతావాళ్లకు వెయ్యి."