బాపు ఒప్పుకునే కథ

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అంబదాస్ వింటున్న కథలో ఒక్క తప్పూ పట్టలేదు. ఆయన భార్య జమునకు భయం పట్టుకున్నది అందుకే.

కరోనా రెండో విడత. మగ్గాల పనికి వలసొచ్చిన బమ్రోలిలో, వాళ్లుంటున్న ఇంట్లో లోపలి గది ఆయనకు వదిలేసి, తల్లీకూతుళ్లు ముందు గదిలో సర్దుకున్నారు. ఇంకొన్నాళ్లు దూరంగానే ఉండమన్నాడు డాక్టరు. సాయంత్రం కాగానే హారతి గుమ్మం ఇవతల స్టూలు వేసుకుని, మాస్కు మీద మాస్కు కట్టుకుని, ఫోన్లో ఇంగ్లీషు కథ చూస్తూ తండ్రికి తెలుగులో చెప్పేది. కాలేజీలో చేరినప్పటి నుంచీ ఆ పిల్లకు ఇది అలవాటే. అంబదాస్‌కు మగ్గాల షెడ్డు నుంచి వచ్చి స్నానం చేయగానే అంతరిక్షం కావాలి. అదీ నిజంగా జరగడానికి వీలున్నదే కావాలి. చిటికేస్తే మాయమై ఇంకో నక్షత్రం దగ్గర తేలే ఓడలు పనికిరావు. "ఖోటూ!" అనేవాడు, లోపమున్న గుడ్డ తాన్లను తప్పని పక్కకు నెట్టే గుజరాతీ సేఠ్‌లా. "ఇంకోటి తియ్ బిడ్డా."

జ్వరానికి ముందు విన్నది ఆయనకు బాగా నచ్చింది. అంగారకుడికి పోయేవాళ్ల నీళ్ల యంత్రం దారిలో చెడిపోతుంది, దాన్ని వాళ్లే విప్పి బాగుచేసుకుంటారు. అది అయిపోయిన రోజు, "మల్ల గిట్లాంటిదే చూడు" అన్నాడు. మర్నాటికి ఒళ్లు కాలిపోయింది.

ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ హారతి ఆ పనే పెట్టుకుంది. పుస్తకాలు చదివేవాళ్ల గుంపు ఒకటి ఫోన్లో దొరికితే, "సైన్సు ఒప్పుకునే అంతరిక్ష నవల చెప్పండి, మా బాపు ఊరికే ఒప్పుకోడు" అని రాసింది. ఎవరెవరో పేర్లు పంపారు. ఒక్కోటీ ముందు తాను చదివి, బాపు ఎక్కడ ఆపుతాడో ఊహించుకుని పక్కన పెట్టింది. చివరికి ఒకటి నిలిచింది. చంద్రుడి మీద గని తవ్వేవాళ్ల కథ.

ఇప్పుడు చెబుతున్నది అదే. ఆయన తలూపుతున్నాడు. అంతే. ఒక్క ప్రశ్న లేదు.

"అమ్మా, బాపు ఎన్కటి లెక్క లేడు."

"నీరసం బిడ్డా."

"నీరసమున్నా తిట్టకుంట ఉండడు గదా."

జమునకు ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చింది. పక్కనున్న సచిన్ ఊళ్లో పనిచేసే, తెలిసిన కనకయ్య ఆస్పత్రి నుంచి వచ్చాక కట్టుకున్నదాన్నే ఎవరు నువ్వని అడిగాడట. ఆ మాట ఆమె కూతురి దాకా రానివ్వలేదు.

ఆ సాయంత్రం హారతి పుస్తకంలో లేనిది కావాలని కల్పించింది. "ఓడల డీజిలు అయిపోయింది బాపూ. అయిపోంగనే ఓడ ఆడనే ఆగింది. డ్రైవరు దిగి, ముక్కుకు దస్తీ కట్టుకొని, చంద్రుని దాంక నడుసుకుంట పోయిండు."

అంబదాస్ తలూపాడు. "మంచిగున్నది" అన్నాడు.

హారతి తల్లి వంక చూసింది. మాస్కు పైన కళ్లు నిండిపోయాయి. జమున లేచి జావ గ్లాసులో పోసి తెచ్చి గడప లోపల పెట్టింది.

"పొద్దటి జావల ఉప్పు సరిపోయిందా?"

ఆయన తలూపాడు.

"ఇంకింత వెయ్యాల్నా?"

మళ్లీ తలూపాడు.

"మీ అవ్వ పేరేంది?"

దానికీ తలూపాడు.

జమున అప్పుడు గమనించింది. ఆయన చూపు ఆమె కళ్ల మీద లేదు, మాస్కు మీద ఉంది. అక్కడేదో పోగొట్టుకున్నట్టు వెతుకుతోంది.

పెళ్లైన కొత్తలో ఆమె కూడా షెడ్డులో కండెలు చుట్టింది. ఆ మగ్గాల మోతలో గొంతు చించుకున్నా వినబడదు. అందరూ ఎదుటివాళ్ల పెదాలు చూసే మాట్లాడుకునేవాళ్లు. ఆమె మానేసింది, ఆయన ఆ మోతలోనే ఉండిపోయాడు. ఇంట్లో కూడా పెదాలే చూస్తున్నాడని, చెవులు అంతగా పోయాయని ఎవరికీ తట్టనే లేదు.

"హారతీ, గ్యాలరీలకు పో. కిటికీ అద్దం తియ్యకు. మాస్కు తియ్."

"ఎందుకమ్మా?"

"తియ్‌మంటున్న గదా! మల్ల చెప్పు గా డీజిలు ముచ్చట."

హారతి బయటి గ్యాలరీలోకి పోయి, ఆయన గది కిటికీ అద్దానికి దగ్గరగా మాస్కు తీసి నిలబడి మొత్తం చెప్పింది. అంబదాస్ దిండు మీది నుంచి లేచి కూర్చున్నాడు. నొసలు ముడిపడింది.

"ఏందీ? డీజిలా?" దగ్గొచ్చింది. దగ్గుతూనే చేయి విసిరాడు. "గాలే లేనికాడ డీజిలు ఎట్ల మండుతదే? అయిపోతే మాత్రం ఓడ ఎందుకు ఆగుతది? పట్టి ఆపేటోడెవడు ఆడ? పోతనే ఉంటది! ఖోటూ! ఎవడు రాసిండు గిది?"

"నేనే బాపూ." హారతి నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"నువ్వా? కాలేజీల గిదేనా నేర్పుతున్నరు?"

జమున కూడా కిటికీ దగ్గరికి వచ్చి మాస్కు కిందికి గుంజింది. "వినవడ్తలేదని చెప్పొద్దానయ్యా? గంగిరెద్దు లెక్క తలూపుడేంది? మేం సచ్చి బతికినం!"

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నాడు. "ఆస్పత్రిల ఎవ్వలకూ నోళ్లు లేకపాయె. తలూపుడే అలవాటైంది. పిల్లది గంత కష్టపడి చెప్తాంది. వినవడ్తలేదంటే ఆపుతది. ఆపితే ఈ గదిల నేనొక్కన్నే గదా."

జమున హాయిగా ఏడ్చింది. ఎన్నాళ్లుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది.

"సరే తియ్," అన్నాడు అంబదాస్ కూతురితో. "గా చంద్రుని గని కథ మొదటి నుంచి చెప్పు. జర నిమ్మలంగ. వాళ్లు పీల్చే గాలి ఏడికెళ్లి తెచ్చుకుంటున్నరో అది ముందుగాల చెప్పాలె."

హారతి మొదటి పేజీకి పోయింది. మంచు కరిగించి, ఆ నీళ్లలోంచి గాలి తీసే చోటుకు వచ్చేసరికి ఆయన చేయెత్తాడు. ఇద్దరూ బిగుసుకుపోయారు. ఆయన గోడకు ఆనుకుని, కళ్లు చిన్నవి చేసుకుని ఆలోచించాడు.

"ఊఁ," అన్నాడు. "ఇది అయితది. కానియ్."