నమూనాలు రాని చలికాలం

ఆసుపత్రిలో ఆమెను అందరూ విరేచనాల డాక్టరమ్మ అనే పిలిచేవారు. అత్తగారైతే చుట్టాల ముందు కోడలి ఉద్యోగం ప్రస్తావన వస్తే చాలు, మాట మార్చేసేది. ఏం చెబుతుంది పాపం, మా కోడలు అంత చదువూ చదివి పసిపిల్లల దొడ్డికి సీసాలు పట్టుకుని తిరుగుతోందనా?

కానీ అసలు సంగతంతా ఆ సీసాల్లోనే ఉంది. పసివాళ్ళను వాంతులతో, విరేచనాలతో పీల్చి పిప్పి చేసే వైరస్‌కు చుక్కల టీకా వచ్చింది. ప్రభుత్వం దాన్ని ముందుగా కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టింది. అది నిజంగా పనిచేస్తోందా లేదా అని కనిపెట్టి ఉండటం ఆమె పని. విరేచనాలతో వార్డులో చేరిన ప్రతి బిడ్డ మలం నమూనా సీసాలో తీసి పై ఆఫీసుకు పంపాలి.

టీకా రాకముందు చలికాలం వచ్చిందంటే ఆ వార్డులో కాలు పెట్టే సందు ఉండేది కాదు. మంచానికి ఇద్దరేసి పిల్లలు, కింద చాపల మీద తల్లులు. సెలైన్ ఎక్కించడానికి నరం దొరక్క నర్సులు కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఈ చలికాలం మొదట్లో ఒకటీ అరా నమూనాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి.

పై ఆఫీసు ఊరుకుంటుందా? డాక్టరమ్మ పని ఎగ్గొట్టి ఇంట్లో కూర్చుందనుకుంది. ఆ ఆసుపత్రిలోని నమూనాల కేంద్రాన్ని మూసేసి, అక్కడి లెక్కలు పక్కన పడేస్తామని కబురు పెట్టింది. ఆ లెక్కలు పోతే మిగతా జిల్లాలకు టీకా ఇవ్వడానికి ఆధారం పోయినట్టే. ఆమెకు తిండి సయించలేదు.

ల్యాబులో పనిచేసే కుర్రాడు ఉపాయం చెప్పాడు. కాస్త కడుపు జారి, మందు రాయించుకుని వెళ్ళిపోయే పిల్లల నమూనాలు కలిపేస్తే సీసాలు నిండుతాయి, ఎవరడుగుతారు అన్నాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది. ఒక్కసారి దొంగలెక్క రాస్తే ఆ తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరని వాణ్ణి చెడామడా దులిపేసింది.

చివరికి తనిఖీ అధికారి దిగాడు. ముక్కుమీద కోపం, పుల్లవిరుపు మాటలు. వార్డు గుమ్మంలో నిలబడి చూస్తే మంచాలన్నీ నిండుగా ఉన్నాయి. దొంగ దొరికినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. వార్డు నిండా పిల్లల్ని పెట్టుకుని నమూనాలు లేవంటారేమిటని గద్దించాడు. తీరా దగ్గరికెళ్ళి దుప్పట్లు తొలగిస్తే ఒకడికి చేతికి సిమెంటు కట్టు, ఇంకొకడికి కాలికి. మంచాలు ఊరికే పడున్నాయని హెడ్ నర్సు వాటిని ఎముకల వార్డుకు ఇచ్చేసింది.

అయినా ఆయన తగ్గలేదు. జబ్బుపడ్డ పిల్లలు ప్రైవేటుకు పోతున్నారేమో అన్నాడు. అది న్యాయమైన అనుమానమే. ఆమెనూ లోలోపల అదే తొలిచేస్తోంది. సరే పదండని ఆయన్ను వెంటబెట్టుకుని ఊళ్ళో పేరున్న పిల్లల నర్సింగ్‌హోముకు వెళ్ళింది.

అక్కడి ముసలి డాక్టరు ఆమెను చూడగానే మండిపడ్డాడు. చలికాలం కోసమని సెలైన్ పెట్టెలు గదినిండా తెప్పించుకుంటే ఒక్కటీ విప్పే పని పడలేదట. నర్సులు కూర్చుని ఆవులిస్తున్నారట. కావాలంటే చూసుకోమని గది తలుపు తెరిచి చూపించాడు కూడా.

"మీ చుక్కలొచ్చి నా సీజను ముంచేశాయమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "ఏటా చలికాలంలో ఇద్దరో ముగ్గురో నా చేతుల్లోనే పోయేవాళ్ళు. ఈ ఏడు ఒక్క బిడ్డ పోలేదు. ఇలాగే ముంచుతూ ఉండండి."

తనిఖీ అధికారి విప్పని ఆ పెట్టెలన్నీ ఒక్కొక్కటిగా లెక్కపెట్టాడు. వీధిలోకి వచ్చాక పై ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"ఈ నెలకు సున్నా అనే వేసుకోండి. ఇక్కడ లేనిది పని కాదు, జబ్బు."

మరి మిగతా జిల్లాలకు టీకా ఎప్పుడిస్తారని ఆమె అడిగింది. ఈ లెక్క చేరడమే ఆలస్యం అన్నాడాయన. అంతవరకూ బింకంగా ఉన్న డాక్టరమ్మ నడివీధిలో ఆనందం పట్టలేక భోరుమని ఏడ్చేసింది. దారిన పోయేవాళ్ళు ఆగి ఏమైందమ్మా, ఎవరైనా పోయారా అని అడిగితే, ఎవరూ పోలేదు, ఎవరూ పోలేదు అని చెబుతూనే ఏడ్చింది.